మాంట్‌గొమరీ బస్సు బహిష్కారము: శ్వేతజాతి సహాయకుల స్థానము

ఒక జాతి తన హక్కులకై పోరాడునపుడు, ఆ పోరాటమునకు తోడ్పడిన పరజాతివారిని చరిత్రలో ఎచట నిలుపవలెనను ప్రశ్న సులభమైనది కాదు. వారిని మిక్కిలి పొగడినచో పోరాడినవారి కర్తృత్వము మరుగున పడును. విడిచిపెట్టినచో జరిగినదానిలో కొంత లోపించును. అమెరికాలో అలబామా రాష్ట్రమందలి మాంట్‌గొమరీ నగరమున 1955-56లో జరిగిన బస్సు బహిష్కారము ఈ విషయమును పరిశీలించుటకు తగిన ఉదాహరణము.

1955 డిసెంబరు 1వ తేదీ సాయంకాలము రోజా పార్క్స్ అను నల్లజాతి స్త్రీ, బస్సులో తన ఆసనమును శ్వేతజాతీయునికి విడువ నిరాకరించి నిర్బంధింపబడెను. కారణమేమని నల్లజాతి నాయకుడు ఇ. డి. నిక్సన్ అడుగగా పోలీసులు చెప్పలేదు. అతడు క్లిఫర్డ్ డర్ అను శ్వేతజాతి న్యాయవాదికి టెలిఫోను చేసెను. డర్ అడిగినంతనే సమాధానము లభించెను. ఇరువురును అడిగినది ఒకే ప్రశ్న. పిదప డర్, ఆయన భార్య వర్జీనియా, నిక్సన్ కలిసి పోయి ఆమెను విడిపించిరి. హామీపత్రముపై సంతకము నిక్సన్‌దే. వ్యాజ్యములను నడపినది ఫ్రెడ్ గ్రే అను యువ నల్లజాతి న్యాయవాది. డర్ తెరవెనుక సలహాదారుగనే ఉండెను. ఆ రాత్రియే సైక్లోస్టైలు యంత్రముపై వేలకొలది కరపత్రములను సిద్ధపరచినది జో యాన్ రాబిన్సన్. 381 దినములు నడిచినవారును నల్లజాతివారే. కావున ఉద్యమమునకు కర్తలెవరను విషయమున సందేహమునకు తావులేదు.

అయినను సహాయకులు చెల్లించిన మూల్యము స్వల్పము కాదు. జూలియట్ మోర్గన్ నగర గ్రంథాలయోద్యోగిని. బహిష్కారము మొదలైన వారమునకే, డిసెంబరు 12న, ఆమె లేఖ స్థానిక పత్రికలో వెలువడెను. నల్లజాతివారి నడకను ఆమె గాంధీగారి ఉప్పు సత్యాగ్రహ యాత్రతో పోల్చెను. 1930 నాటి దండి యాత్ర పాతికేండ్లకు అలబామాలోని ఒక గ్రంథాలయోద్యోగినికి ప్రమాణముగ తోచుట మన చరిత్ర విద్యార్థులు గమనింపదగినది. ఆనాటినుండి ఆమెకు బెదరింపులు తప్పలేదు, స్నేహితులును దూరమైరి. ఆమెను తొలగింపవలెనని మేయరు పట్టుపట్టెను. 1957 జూలైలో ఆమె ఇంటి ఎదుట శిలువను కాల్చిరి. ఆమె ఉద్యోగము విడిచి, ఆ వెంటనే ప్రాణములను కోల్పోయెను. దూరదేశమునుండి సానుభూతి పలుకుట వేరు. తన వీధిలో, తన బంధువుల నడుమ నిలిచి పలుకుట వేరు. ఈ భేదమును ఉద్యమ చరిత్రకారులు తగినంతగా పాటింపలేదని నా అభిప్రాయము.

ఇచట మరియొక వర్గమును పేర్కొనవలసియున్నది. తమ ఇండ్లలో పనిచేయు నల్లజాతి స్త్రీలను పెక్కుమంది శ్వేతజాతి గృహిణులు స్వయముగ కార్లలో తెచ్చుకొనుచు, దింపుచు వచ్చిరి. ఇది మానుడని మేయరు కోరగా, అట్లయిన మా వంటయు, బట్టలుతుకుటయు ఆయనయే వచ్చి చేయునా అని అడిగినవారు కలరు! ఇది న్యాయదృష్టి కాదు, గృహావసరము. అయినను బహిష్కారము నిలుచుటకు ఇదియు కొంత తోడ్పడెను. ఉద్దేశమును బట్టి వీరిని సహాయకులని పిలువజాలము. ఫలితమును బట్టి విస్మరింపజాలము.

రాబర్ట్ గ్రేట్జ్ విషయము వేరు. ఈ యువ శ్వేతజాతి పాస్టరు 1955లోనే ఆ నగరమునకు వచ్చి, నల్లజాతివారి లూథరన్ దేవాలయమున పనిచేయుచుండెను. పార్క్స్ ఆయనకు పొరుగున ఉండెడిది. బహిష్కారకాలమున ఆయన ప్రతిదినము తన కారులో నల్లజాతివారిని పనులకు చేర్చుచుండెను. ఉద్యమ సంఘమునకు అధ్యక్షుడు మార్టిన్ లూథర్ కింగ్. గ్రేట్జ్ ఆ సంఘము చెప్పిన పని చేసెనే గాని దానికి దారి చూపబూనలేదు. 1956 ఆగస్టులో ఆయన ఇంటిపై బాంబు పడెను. అదే సంవత్సరము నవంబరు 13న సుప్రీంకోర్టు బస్సులలో వర్ణవిభజన చెల్లదని స్థిరపరచెను. డిసెంబరు 21న నల్లజాతివారు కోరిన ఆసనములలో కూర్చుండి ప్రయాణము సాగించిరి. విజయము లభించిన పిదప, 1957 జనవరిలో, గ్రేట్జ్ ఇంటిపై మరల బాంబు పడెను. ఆ రాత్రియే నల్లజాతివారి దేవాలయములును కొన్ని పేలుళ్లకు గురియయ్యెను.