పీనట్ బటర్ ఫడ్జ్: పెరటి పల్లీ, హాస్టల్ పాకం

అమెరికాలో క్రిస్మస్ దగ్గర పడేకొద్దీ ఇరుగుపొరుగు ఇళ్ల మధ్య మిఠాయి డబ్బాలు తిరుగుతాయి. వాటిలో లేత తేనె రంగు పలక ముక్కలు తప్పకుండా ఉంటాయి. వేలితో నొక్కితే కాస్త దిగే మెత్తదనం, నోట్లో పెట్టుకోగానే తీపి, ఆ వెనకే వేయించిన పల్లీల కమ్మదనం, చివర్లో చిటికెడు ఉప్పు. అదే పీనట్ బటర్ ఫడ్జ్. పావుగంటలో కలిపి పళ్లెంలో సర్దేసే వంటకం కదా, దీనికి చరిత్రేమిటని అనిపిస్తుంది. కానీ దాని వెనక రెండు పాయలున్నాయి. ఒకటి ఆఫ్రికా నుంచి సంకెళ్లతో వచ్చినవాళ్లు తమ గుడిసెల వెనక పెంచుకున్న పల్లీది. రెండోది పడుకోవాల్సిన వేళ దాటాక హాస్టల్ గదుల్లో పాకం పట్టిన ఆడపిల్లలది. పేటెంట్లు, కంపెనీలు, కోర్టు తీర్పులు తర్వాత వచ్చి చేరాయి. పేరు మాత్రం ఎక్కువగా ఆ తర్వాత వచ్చినవాళ్లకే దక్కింది. అందుకే మొదటివాళ్ల దగ్గర నుంచే మొదలుపెడతాను.

వేరుశనగ పుట్టిల్లు దక్షిణ అమెరికా. నేటి బొలీవియా దక్షిణ భాగం, అర్జెంటీనా ఉత్తర భాగం కలిసే ప్రాంతం. పోర్చుగీసు ఓడలు దాన్ని ఆఫ్రికాకు చేర్చాయి. అక్కడి పశ్చిమ తీరపు రైతులకు అది కొత్తగా అనిపించి ఉండదు. బంబారా అనే మరో గింజను వాళ్లు తరతరాలుగా పండిస్తున్నారు, అదీ మట్టిలోపలే కాయ కాసే మొక్కే. వేరుశనగ తీరు మన అనంతపురం, కదిరి వైపు రైతులకు చెప్పనక్కర్లేదు. పసుపు పువ్వు పూసి వాడాక దాని అడుగు నుంచి సన్నని ఊడ బయల్దేరి నేలవైపు వంగుతుంది. మట్టిలోకి దిగాకే కొన ఉబ్బి కాయ అవుతుంది. నేల గట్టిగా ఉంటే ఊడ దిగదు, కాయ పట్టదు. కరోలినా, వర్జీనియా, జార్జియా తీరాల్లో ఇసుక కలిసిన తేలిక నేలలున్నాయి. బానిస ఓడల్లో వచ్చిన ఆఫ్రికన్లు ఆ నేలలో ఈ గింజ వేసుకున్నారు. పగలంతా యజమాని పొలంలో చాకిరీ చేసి, మిగిలిన ఆ కాస్త వేళలో, తమకు వదిలిన ఆ కాస్త మడిలో.

తెల్ల యజమానుల దృష్టిలో అది చాలాకాలం పందుల మేత, పేదల తిండి. కానీ సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్ వీధుల్లో నల్లజాతి స్త్రీలు పల్లీలను మొలాసిస్ పాకంలో వేసి బిళ్లలుగా చేసి అమ్మేవారు. చెరకు నుంచి పంచదార తీశాక మిగిలే నల్లటి పాకం అది. బెల్లం పాకంలో పల్లీలు వేసి పట్టీ కోసే మనకు ఆ తినుబండారం ఏమిటో వెంటనే అర్థమవుతుంది. అమెరికాలో పల్లీ మిఠాయికి తొలి చేతులు వాళ్లవే అని నా నమ్మకం. వాళ్లెవరూ పేటెంటుకు దరఖాస్తు పెట్టలేదు, పెట్టే వీలూ లేదు.

1861 నుంచి 1865 దాకా సాగిన అంతర్యుద్ధంలో తిండి కరువైనప్పుడు ఇరుపక్షాల సైనికులకూ పల్లీ రుచి తెలిసింది. యుద్ధం ముగిసి ఇళ్లకు వెళ్లిన ఉత్తరాది సైనికులతో ఆ రుచీ వెళ్లింది. తర్వాత సర్కస్ డేరాల్లో, బేస్‌బాల్ మైదానాల్లో వేయించిన పల్లీల పొట్లాలు అమ్మడం మొదలైంది.

ఇక పీనట్ బటర్ సంగతి. దీన్ని కనిపెట్టింది జార్జ్ వాషింగ్టన్ కార్వర్ అని అమెరికా పిల్లలకు చాలామందికి నూరిపోశారు. అది నిజం కాదు. కెనడాలో మాంట్రియల్‌కు చెందిన మార్సెలస్ గిల్మోర్ ఎడ్సన్ 1884లో అమెరికా పేటెంటు తీసుకున్నాడు. వేయించిన పల్లీలను వేడి పలకల మధ్య నూరితే జారుగా వచ్చి, చల్లారాక వెన్నలా పేరుకుంటుందని అందులో రాశాడు. నాకు బాగా నచ్చిన విషయం వేరే ఉంది. ఎడ్సన్ ఆ ముద్దను రొట్టెకు రాసుకోవడానికి చేయలేదు. పంచదార కలిపి గట్టిపరచి మిఠాయి చేయడానికే చేశాడు. పేటెంటు శీర్షికలోనే పల్లీ మిఠాయి అని ఉంది. అంటే పీనట్ బటర్ కాగితం మీదకు ఎక్కిన మొదటిసారే మిఠాయిగా ఎక్కింది.

పదేళ్లు తిరిగేసరికి అదే ముద్ద వైద్యుల చేతిలో పడింది. మిషిగన్ రాష్ట్రం బ్యాటిల్ క్రీక్ శానిటోరియంలో డాక్టర్ జాన్ హార్వీ కెల్లాగ్ పూర్తి శాకాహారి. మాంసానికి బదులుగా రోగులకు పెట్టడానికి గింజల ముద్ద తయారుచేసి 1895లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. ఆయన పల్లీలను వేయించకుండా ఉడికించేవాడు కాబట్టి ఆ రుచి చప్పగానే ఉండి ఉంటుంది. సెయింట్ లూయీకి చెందిన ఆంబ్రోజ్ స్ట్రాబ్ 1903లో పల్లీలు నూరే యంత్రానికి పేటెంటు పొందాడు. మరుసటి ఏడాదే ఆ ఊళ్లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో సమ్నర్ అనే వ్యాపారి పీనట్ బటర్ అమ్మి 700 డాలర్లకు పైగా గడించాడు. మాంసం కైమా కొట్టే చేతిమరలో పల్లీలు వేసి ఇంట్లోనే చేసుకోవచ్చని 1896లోనే గుడ్ హౌస్‌కీపింగ్ పత్రిక గృహిణులకు చెప్పింది.

ఈలోగా ఫడ్జ్ తన దారిన తాను నడుస్తోంది. దాని తొలినాళ్ల గురించి గట్టి ఆధారం ఒక స్త్రీ రాసిన ఉత్తరం. న్యూయార్క్ రాష్ట్రం పొకిప్సీలోని వాసర్ కళాశాల అప్పట్లో కేవలం ఆడపిల్లలది. అక్కడ చదివిన ఎమెలిన్ హార్ట్రిడ్జ్ తన సహాధ్యాయి బంధువు ఒకరు 1886లో బాల్టిమోర్‌లో ఈ మిఠాయి చేసేవారని, పౌను 40 సెంట్లకు అమ్మేవారని రాసింది. ఆ కొలతలు సంపాదించి 1888లో కళాశాల వేలంపాట కోసం తానే 30 పౌన్లు, అంటే పదమూడున్నర కిలోలు, చేసింది. ఆ కాలంలో అది చాక్లెట్ ఫడ్జ్. పిల్లలు గదుల్లో గ్యాస్ దీపపు మంట మీదే గిన్నె పెట్టి పాకం కాచేవారు. రాత్రి పదింటి తర్వాత మెలకువగా ఉండటానికి అదొక సాకు కూడా. త్వరలోనే ఇది వెల్స్‌లీ, స్మిత్ మహిళా కళాశాలలకూ పాకింది. వెల్స్‌లీ వాళ్లు మార్ష్‌మాలో అనే మెత్తని మిఠాయి కలిపారు, స్మిత్ వాళ్లు బ్రౌన్ షుగర్, మొలాసిస్ వాడారు. సరిగ్గా అవే రోజుల్లో, 1887లో, మిషిగన్‌లోని మాకినా ద్వీపంలో మర్డిక్ కుటుంబం మిఠాయి దుకాణం తెరిచింది. పాలరాతి బల్ల మీద ఫడ్జ్ పోసి గరిటెలతో మడతలు వేస్తూ చూపించడం అక్కడ ఇప్పటికీ పెద్ద ఆకర్షణే. ఆ ద్వీపానికి వచ్చే యాత్రికులను స్థానికులు ‘ఫడ్జీలు’ అనే పిలుస్తారు.

పాత పద్ధతి ఫడ్జ్ కష్టమంతా పాకంలో ఉంది. పంచదార, పాలు కలిపి 112 నుంచి 115 డిగ్రీల సెల్సియస్ దాకా కాచాలి. థర్మామీటర్ లేనివాళ్లు చేసే పరీక్ష మాత్రం అరిసెలు వండే ప్రతి ఇంటికీ తెలుసు. చిన్న గిన్నెలో చల్లటి నీళ్లు పోసి, అందులో ఒక చుక్క పాకం వేసి వేళ్లతో దగ్గరకు తీస్తే మెత్తని ఉండ కట్టాలి; బయటికి తీశాక ఆ ఉండ తన బరువుకు తానే కొంచెం చదునవ్వాలి. లేతగా దించితే ఫడ్జ్ ఎప్పటికీ ముక్క కట్టదు. ముదిరితే రాయవుతుంది. ఇక్కడిదాకా మన దారే. తేడా ఆ తర్వాత మొదలవుతుంది. దించిన పాకాన్ని కలపకుండా, గిన్నె కదపకుండా గోరువెచ్చనయ్యేదాకా, సుమారు 45 డిగ్రీలకు దిగేదాకా, వదిలెయ్యాలి. వేడి మీదే కలిపితే పంచదార పెద్ద పలుకులుగా విడిపోయి పంటికింద గరగరలాడుతుంది. చల్లారాక గరిటెతో జబ్బలు నొప్పి పుట్టేదాకా గిలక్కొడితే లెక్కలేనన్ని పలుకులు ఒకేసారి, నాలుకకు తెలియనంత సన్నగా పుడతాయి. నిగనిగలాడుతున్న పాకం చూస్తుండగానే మెరుపు తగ్గి మసకబారుతుంది. ఆ క్షణంలోనే నెయ్యి రాసిన పళ్లెంలో పోసెయ్యాలి. కాస్త ఏమరినా గిన్నెలోనే బిగుసుకుపోతుంది. దీపపు మంట మీద, థర్మామీటర్ లేకుండా, నవ్వులు బయటికి వినపడకుండా ఇదంతా సాధించిన ఆ పిల్లల పనితనాన్ని నేను తక్కువగా చూడలేను.

పల్లీ ముద్ద ఈ పాకంలో కలవడానికి ఎంతోకాలం పట్టలేదు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో పీనట్ బటర్ చవకైన సరుకుగా మారింది, చాక్లెట్ కన్నా ఇంట్లో సులువుగా దొరికేది అదే. పాకం దించాక ఒక కప్పు ముద్ద వేస్తే దానిలోని నూనె పంచదార పలుకుల చుట్టూ పట్టి అవి పెద్దవి కాకుండా అడ్డుకుంటుంది. అందుకే చాక్లెట్ ఫడ్జ్ చెడగొట్టుకున్నవాళ్లకు కూడా ఇది కుదురుతుంది.

కార్వర్‌కు రావాల్సిన గౌరవం ఇక్కడ వస్తుంది. బానిసత్వంలో పుట్టి, అలబామాలోని టస్కీగీ విద్యాసంస్థలో పనిచేసిన ఈ శాస్త్రవేత్త 1916లో వేరుశనగ సాగు గురించి, దానితో చేసుకోగల 105 వంటకాల గురించి ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. పత్తిని బాల్ వీవిల్ అనే ముక్కుపురుగు తినేస్తుంటే, పత్తి ఒక్కదాన్నే నమ్ముకున్న పేద నల్లజాతి రైతులకు ఆయన పల్లీని చూపించాడు. పల్లీ అమ్ముడుపోకపోతే ఇంట్లోనైనా తినగలగాలి, అందుకే ఆ వంటకాలు. 1921లో అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు వేరుశనగ దిగుమతి సుంకం గురించి మాట్లాడాడు. ఇచ్చింది పది నిమిషాలు. వింటున్నవాళ్లే మళ్లీ మళ్లీ గడువు పెంచారు. కనిపెట్టని వస్తువును ఆయనకు అంటగట్టడం కన్నా, చేసిన ఈ పనిని చెప్పుకోవడమే ఆయనకు మర్యాద. అదే అలబామాలోని ఎంటర్‌ప్రైజ్ అనే ఊరు పత్తి నుంచి పల్లీకి మారి బాగుపడి, 1919లో ఆ పురుగుకే స్మారకం కట్టుకుంది.

ఇప్పుడు మనం చేసే ‘సులువు’ ఫడ్జ్ మాత్రం మూడు కొత్త సరుకుల చలవ. మొదటిది చక్కెర కలిపి చిక్కబరచి డబ్బాకెత్తిన పాలు. గెయిల్ బోర్డెన్ పాల సాంద్రీకరణకు 1856లోనే పేటెంటు పొందాడు. మన ఇళ్లలో ఎంతో వాడుకగా మారిన కండెన్స్‌డ్ మిల్క్ ఇదే. రెండోది మార్ష్‌మాలో క్రీం. మసాచుసెట్స్‌లోని సోమర్‌విల్‌లో ఆర్చిబాల్డ్ క్వెరీ 1917లో ఇంట్లో చేసి గడప గడపకూ తిరిగి అమ్మాడు, తర్వాత ఆ కొలతలను డర్కీ, మోవర్ అనే ఇద్దరు మాజీ సైనికులకు 500 డాలర్లకు ఇచ్చేశాడు. దీనితో గిలక్కొట్టే బాధ తప్పింది. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. పాత పీనట్ బటర్‌లో నూనె పైకి తేలి, ముద్ద అడుగున గట్టిపడేది. కొట్లలో పీపాల్లో పోసి కర్రతో కలిపి కలిపి అమ్మేవారు. నూనె తేలకుండా కొంత భాగాన్ని హైడ్రోజన్‌తో గట్టిపరిచే పద్ధతిని 1920ల మొదట్లో జోసెఫ్ రోజ్‌ఫీల్డ్ కాలిఫోర్నియాలో కనిపెట్టాడు. పీటర్ పాన్ అనే పీనట్ బటర్ ఆ పద్ధతితోనే వచ్చింది, స్కిప్పీ రోజ్‌ఫీల్డ్ సొంత సరుకు.

చవక నూనెలు కలపడం పెరిగేసరికి, డబ్బాలో అసలు పల్లీ ఎంత ఉండాలన్న తగాదా 1959లో మొదలైంది. కంపెనీల లాయర్లకు ఎదురుగా గృహిణుల సంఘం తరఫున రూత్ డెస్మండ్ రోజూ విచారణలకు వెళ్లి కూర్చుంది. చివరికి 90 శాతం పల్లీ ఉంటేనే పీనట్ బటర్ అనాలని 1971లో ఖరారైంది. ఈ రోజు మన ఫడ్జ్‌లో పల్లీ రుచి నిలిచిందంటే అందులో ఆమె పట్టుదలకూ వాటా ఉంది.

ఇక ఇంట్లో చేసే పద్ధతి. ఆ మూడు సరుకుల్లో దీనికి కావాల్సింది నూనె తేలని పీనట్ బటర్ ఒక్కటే. ఒక కప్పు వెన్న, ఒక కప్పు పీనట్ బటర్ గాజు గిన్నెలో వేసి మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు కరిగించి, కలిపి, మళ్లీ రెండు నిమిషాలు పెట్టాలి. గిన్నె బాగా కాలుతుంది కాబట్టి జాగ్రత్తగా దించాలి. ఒక చెంచా వనిల్లా, వెన్నలో ఉప్పు లేకపోతే చిటికెడు ఉప్పు వేసి, జల్లించిన పొడి పంచదార ఒక పౌను, అంటే దాదాపు 450 గ్రాములు, వేసి చెక్క గరిటెతో కలపాలి. చివరికి బరువుగా, మెరుపు తగ్గిన ముద్దలా వస్తుంది. ఎనిమిది అంగుళాల చదరపు పళ్లెంలో వెన్న కాగితం పరిచి అదిమి, రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి అంగుళం ముక్కలు కోసుకోవాలి. నూనె తేలే సహజ రకం పీనట్ బటర్ దీనికి పనికిరాదు, ముక్కలు జిడ్డుకారతాయి. వనిల్లా బదులు యాలకుల పొడి వేస్తే పల్లీకి ఇంకా నప్పుతుందని నా అభిప్రాయం. ఇంచుమించు ఈ ముద్దనే ఉండలు చేసి, పైభాగం కనబడేలా కరిగిన చాక్లెట్‌లో ముంచితే ఒహాయో వాళ్ల బకై మిఠాయి అవుతుంది; ఆ రాష్ట్ర వృక్షం కాయ అచ్చం అలాగే ఉంటుంది.

ఈ ముక్కలు పిల్లల బడికో, పొరుగింటికో పంపేముందు ఒక్క మాట అడగాలి. పల్లీ పడనివాళ్లకు చిన్న తునక కూడా ప్రాణం మీదికి తేవచ్చు. అమ్మే తినుబండారాల్లో పల్లీ ఉంటే పొట్లం మీద స్పష్టంగా చెప్పాలని 2004లో అమెరికాలో చట్టమే వచ్చింది; చాలా బడులు ఇంట్లో వండిన పల్లీ మిఠాయిని లోపలికి రానివ్వవు. డబ్బా మూత మీద ‘ఇందులో పల్లీ ఉంది’ అని పెద్ద అక్షరాలతో రాసి ఇస్తే పుచ్చుకునేవాళ్లకు ఏ సందేహమూ ఉండదు.