ఎడ్వార్డో చిలీదా

ఎడ్వార్డో చిలీదా (1924–2002) స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతపు శిల్పి. శాన్ సెబాస్టియన్‌లో పుట్టాడు. కుర్రతనంలో రియల్ సొసిడాడ్ ఫుట్‌బాల్ జట్టు గోల్‌కీపర్. మోకాలి దెబ్బతో ఆట ఆగిపోయింది. మాడ్రిడ్‌లో ఆర్కిటెక్చర్ చదువు మధ్యలోనే వదిలేసి, 1948లో పారిస్ చేరాడు. అక్కడ మలిచినవి మనిషి రూపాలే. 1950ల మొదట్లో సొంతగడ్డకు తిరిగొచ్చి, ఎర్నాని ఊళ్లో కమ్మరి కొలిమి ముందు నిలబడ్డాకే ఆయనకు తన దారి దొరికింది. ఇనుముతోపాటు దాని మధ్య మిగిలే ఖాళీని కూడా ఆయన శిల్పంగానే చూశాడు. 1958లో వెనిస్ బియెన్నాలే కళాప్రదర్శనలో శిల్పకళకు అత్యున్నత బహుమతి అందుకున్నాడు.

ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చేది 1977లో పూర్తయిన ‘గాలి దువ్వెన’. శాన్ సెబాస్టియన్ తీరాన రాళ్లకు బిగించిన మూడు ఉక్కు శిల్పాలవి. ఒక్కొక్కటీ సుమారు 10 టన్నులు. వంకర తిరిగిన ఉక్కు వేళ్లు సముద్రపు గాలిని దువ్వుతున్నట్టే ఉంటాయి. ఉప్పునీటికి తుప్పెక్కి అవీ ఆ బండల రంగుకే వచ్చాయి. పక్కనున్న రాతి చప్టాను వాస్తుశిల్పి లూయిస్ పెన్యా గంచెగీ రూపొందించాడు. అల బలంగా కొట్టినప్పుడు చప్టా కన్నాల్లోంచి గాలి, తుంపరలు బుస్సున పైకి లేస్తాయి. ఈ చోటును ఫొటోలో చూస్తే సగమే చూసినట్టు. ఆ చప్పుడు కూడా శిల్పంలో భాగమే.

స్పెయిన్‌లోనే హిహోన్ నగరంలోని కొండపై ఉన్న ఆయన ‘దిగంత స్తుతి’ (1990) 10 మీటర్ల ఎత్తు కాంక్రీటు నిర్మాణం. ఎర్నాని దగ్గర పచ్చికబయలులో తన శిల్పాలకే ఆయన ఏర్పరచిన చిలీదా లేకు మ్యూజియం 2000లో తెరుచుకుంది.