భవానీపూర్ అర్జీలు

పాలకులను నిలదీసి అడగడం కోల్‌కతాలోని భవానీపూర్‌కు ఇంటర్నెట్ నేర్పిన విద్య కాదు. ఇక్కడ నివసించిన ‘హిందూ పేట్రియాట్’ సంపాదకుడు హరీశ్‌చంద్ర ముఖర్జీ, నీలిమందు దొరల దౌర్జన్యానికి నలిగిన రైతులకు తన ఇంట ఆశ్రయమిచ్చి అర్జీలు రాసిపెట్టాడు. 1860లో నీలిమందు విచారణ సంఘం ముందు సాక్ష్యమూ చెప్పాడు. మరుసటి ఏడే, నలభై ఏళ్లైనా నిండకుండానే కన్నుమూశాడు. ఆ అర్జీల బలం సంఖ్యలో లేదు, బాధితుడే తన కష్టాన్ని తన మాటల్లో చెప్పుకోవడంలో ఉంది.

2021 జూన్‌లో అడిగే వంతు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానిదైంది. అప్పటికే రెండుసార్లు భవానీపూర్ నుంచి గెలిచి, అదే ఏడాది ఉపఎన్నికలో మళ్లీ అక్కడే నెగ్గిన మమతా బెనర్జీ అప్పుడు ముఖ్యమంత్రి. కోవిడ్ వేళ పదో తరగతి మాధ్యమిక్, పన్నెండో తరగతి హయ్యర్ సెకండరీ పరీక్షలు జరపాలా అని తల్లిదండ్రులనూ విద్యార్థులనూ ప్రజలనూ అడిగి, ఈమెయిల్‌లో జవాబు పంపమన్నారు. సుమారు 34 వేల జవాబులొచ్చాయి. మాధ్యమిక్‌ను నూటికి 79 మంది, హయ్యర్ సెకండరీని 83 మంది వద్దన్నారు. జూన్ 7న రెండూ రద్దయ్యాయి. వ్యవధి లేదు, నిపుణుల సంఘమూ వద్దనే చెప్పింది కదా అనవచ్చు. నిజమే, రద్దును నేను తప్పుపట్టను. కానీ గడువు ఒక్కరోజే. పరీక్ష రాయాల్సినవారు ఇరవై లక్షల పైమాటే. ఈమెయిల్ ఎరుగని సుందర్‌బన్స్ జాలరి కూడా తండ్రే. పైగా అవును, కాదు అన్న లెక్కలో, మార్కులు ఎలా వేస్తారు, పై చదువుకు సీటెలా అన్న ప్రశ్నలకు చోటెక్కడ? హరీశ్ ఇంటికొచ్చిన రైతుకు చదువు రాకపోయినా రాసిపెట్టే మనిషి ఉన్నాడు. ఈ తల్లిదండ్రులకు ఆ మనిషిని ప్రభుత్వమే ప్రతి బడిలో కూర్చోబెట్టి ఉండవలసింది.