భయానకమున హాస్యము: చంద్రగిరి సీమ ప్రేక్షకుడును జానపద చలనచిత్రములును

భూత ప్రేత రాక్షసాదులతో నిండిన జానపద చలనచిత్రములను మన విమర్శకులు సాధారణముగా రెండు మాటలతో త్రోసివేయుదురు: అవి చవుకబారువి, హేతుదూరములు. ఈ మాటలు అసత్యములు కావు. అయినను ఒక తరము వారు వీనిని పలుమారులు చూచిరి. అందలి లోపములనే పదే పదే చెప్పుకొని నవ్విరి. లోపము నెఱిగియు ఆనందించుట యెట్లు సంభవించును? దీనికి సమాధానము చలనచిత్ర చరిత్రలో కంటె చంద్రగిరి, తిరుపతి, పుత్తూరు ప్రాంతముల ప్రదర్శన సంప్రదాయములో సులభముగా దొరకునని నా యభిప్రాయము.

చిత్తూరు సీమలో ద్రౌపదీ ధర్మరాజుల ఆలయములయొద్ద జరుగు భారతోత్సవములు ప్రసిద్ధములు. పగలు హరికథ, రాత్రి వీథినాటకము. బకాసుర వధ ఘట్టమున భీమ వేషధారి అన్నపు బండి నెక్కి ఊరి వీథులలో ఊరేగును. కడపటి దినమున దుర్యోధనుడు బహిరంగ స్థలమున వెల్లకిల పరుండిన మట్టి బొమ్మగా దర్శనమిచ్చును. భీముడు వాని తొడపై గదతో మోదును. రాత్రి నాటకమున రాక్షసుడు తెరచాటునుండి హుంకరించుచు వెలువడును. వాని భుజకీర్తులు కఱ్ఱతో చేసినవి, వానిపై అద్దపు బిళ్ళలు. ఆ వేషము ధరించినవాడు ఎవ్వడో చూపరులకు తెలియును. బాలురు మాత్రము తల్లుల కొంగుల మాటున దాగుదురు, దాగియు తొంగి చూతురు. మన చర్చకంతకు ఈ తొంగిచూపే మూలము.

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము. స్త్రీలను చెఱచిన పాలెగాని వెదకుచు గంగమ్మ వేషములు మార్చినదని కథ. అందుచే భక్తులు సున్నము, కుంకుమ, మసి మేన పూసికొని బైరాగి, బండ, తోటి వేషములు దాల్చి ఊరు తిరుగుదురు, నోటికి వచ్చినట్లు తిట్టుదురు. దొర వేషమునాడు పాలెగాని శిరస్సు తెగును. ఈ సామగ్రి యంతయు కాసులు ఖర్చు కానిది. చూచువారిలో నవ్వువారున్నారు, మ్రొక్కువారున్నారు; ఇరువురును ఒక్కరే యగుటయు కలదు.

మన లాక్షణికులు ఈ విషయమును గుర్తింపలేదని తలంపరాదు. భరతుడు హాస్యమునకు వికృత వేషాలంకారములను విభావములుగా చెప్పెను. శృంగారము యొక్క అనుకృతి హాస్యమగునని కూడ చెప్పెను. అభినవగుప్తుడు ఆ సూత్రమును విస్తరించి, ఏ రసమైనను అనౌచిత్యముచే ఆభాసమైనచో హాస్యమునకు దారితీయునని వ్యాఖ్యానించెను. కావున భయానకాభాసము హాస్యమగుట శాస్త్ర సమ్మతమే. కాని ఇచ్చట నొక చిక్కున్నది. శాస్త్రము ప్రకారము ఆభాసము రసమునకు భంగము. మన ప్రేక్షకునికో భయమును పోలేదు, నవ్వును ఆగలేదు. ఈ రెంటి సహవాసమునకు పేరు పెట్టిన లాక్షణికుని నే నెఱుగను. తోలుబొమ్మలాట వారు మాత్రము దానిని ఆచరణలో సాధించిరి: రావణుడు గర్జించిన మఱుక్షణమున కేతిగాడు, బంగారక్క వచ్చి కూర్చుందురు.

ఇక చలనచిత్రముల విషయము. 1951లో కె.వి. రెడ్డి దర్శకత్వమున వెలువడిన ‘పాతాళభైరవి’ విజయావారి సంపన్న నిర్మాణము, ఎస్.వి. రంగారావు మాంత్రికుని చూచి నవ్వుటకు ధైర్యము చాలదు. ఆ చిత్రమున అంజిగా నటించిన బాలకృష్ణకు అంజిగాడు అను పేరు స్థిరపడినది. కేతిగాని వంశము వెండితెరపై అట్లు కొనసాగెను. ఆ చిత్రము తెఱచిన దారిలో, అంత ధనము లేని నిర్మాతలు పలువురు నడచిరి. వారిలో అగ్రగణ్యుడు బి. విఠలాచార్య (1920–1999). ఉడుపి సమీపమున ఉద్యావరమున జన్మించి, టూరింగు టాకీసు నడిపి, కన్నడ చిత్రములు తీసి, పిదప మద్రాసు చేరి తెలుగువారిచే ‘జానపద బ్రహ్మ’ అనిపించుకొనెను. డేరా క్రింద నేలపై కూర్చున్న ప్రేక్షకుడు ఎప్పుడు కేక వేయునో, ఎప్పుడు బీడీ వెలిగించునో ఆయనకు తెలిసియుండవలెను. ‘మదన కామరాజు కథ’ (1962), ‘గురువును మించిన శిష్యుడు’ (1963), ‘జ్వాలాద్వీప రహస్యం’ (1965) మొదలగువానిని చూచినచో ఈ మాట తెలియును.

ఆయన మితవ్యయము సామెతగా మారినది. వేసిన సెట్టును మరల మరల వాడుకొనుటలో ఆయన ప్రసిద్ధుడు. తారీఖులివ్వక వేధించిన నటుని పాత్రను మాంత్రికుని శాపముచే చిలుకగానో మేకగానో మార్చి, ఆ జంతువుతోనే మిగిలిన చిత్రమును పూర్తిచేసెడివాడని పరిశ్రమలో ఒక కథ ప్రచారములో నున్నది. అది కల్పనయే కావచ్చును. కాని జానపద కథాశిల్పమును ఇంత చక్కగా వివరించు కల్పన మఱియొకటి లేదు. కాశీమజిలీ కథల లోకమున మనుష్యుడు చిలుక యగుటకు వేఱు కారణము కావలెనా?

ఇంద్రజాల దృశ్యముల రహస్యము సులువైనదే. కెమెరాను ఆపి, మనిషిని తప్పించి, మరల త్రిప్పినచో మనిషి మాయమగును. ఒకే ఫిల్ముపై రెండుసార్లు చిత్రించినచో దయ్యము పారదర్శకమగును. ఫ్రాన్సు దేశమున మెలియే 1902 నాటికే ఈ విద్యలను ప్రదర్శించెను. మన దేశమున రవికాంత్ నగాయిచ్ ‘సీతారామ కల్యాణం’ (1961) లో దశకంఠుని చూపి ఈ కళను ఉన్నత స్థాయికి చేర్చెను. అల్పవ్యయ చిత్రములలో ఈ అతుకు కనబడును. కనబడుటయే వినోదము.

1978 నాటి ‘జగన్మోహిని’ని తీసికొందము. అందు జయమాలిని ధరించిన మోహినీ పిశాచము మానవుని మోహించి వాని యింట చేరును. వంట చేయుచు, కట్టెలకు బదులు తన కాళ్ళనే పొయ్యిలో పెట్టును. ఆ కాళ్ళు కృత్రిమములని ఎవ్వరికి తెలియదు? అయినను ఆ దృశ్యమును చూచినవారు మఱువలేదు. దయ్యమును శ్మశానమున గాక వంటయింట నిలిపిన ఆ యూహ గొప్పది. నిత్యము పొయ్యియొద్ద నుండు గృహిణి దానిని చూచి జడియుటయు, నవ్వుటయు సహజము. ఆ విజయము పిమ్మట వచ్చిన మోహినీ కథలలో నృత్యములు పెరిగి ఊహలు తఱిగినవి. స్త్రీని మోహినిగానో, పతివ్రతగానో మాత్రమే చూపిన దోషము ‘జగన్మోహిని’లోను ఉన్నది, దానిని నవ్వుతో కప్పిపుచ్చుట తగదు.

ఇతర దేశములలోను ఇట్టి చిత్రములు కలవు. జపానున 1954లో రబ్బరు తొడుగు ధరించిన నటుడు ‘గాడ్జిల్లా’యై బొమ్మ నగరమును త్రొక్కెను. అమెరికాలో ఎడ్ వుడ్ తీసిన ‘ప్లాన్ నైన్ ఫ్రమ్ ఔటర్ స్పేస్’కు 1980లో ఒక గ్రంథము అధమాధమ చిత్రమను బిరుద మొసగిన పిదప దాని కీర్తి మిక్కిలి పెరిగెను. అచ్చటి నవ్వు చాలవఱకు దర్శకునిపై నవ్వు. మన డేరాలోని నవ్వు, భారతపు పందిరిలోని నవ్వువలె, వేషముతో చేతులు కలిపిన నవ్వు. ఈ భేదమును గుర్తింపక పాశ్చాత్యుల ‘చెడ్డ చిత్రము’ అను ముద్రను మన చిత్రములపై వేయువారు ప్రేక్షకుని అమాయకునిగా భావించుచున్నారు.

చంద్రగిరివారి ముందు ఈ వాదము నిలువదు. వారికి నిజమైన కోట కన్నులయెదుట నున్నది. విజయనగర రాజుల కాలపు రాజమహలు మూడంతస్తులు కలది. రాయి, ఇటుక, సున్నములతో కట్టినది, అందు కలప లేదు. దాని నీడన పెరిగినవాడు తెరపై కలపతో, అట్టలతో, రంగు గుడ్డతో నిలిపిన కోటను, కత్తి తగులగనే కదలు గోడను చూచి మోసపోవునా? అది అట్టయని వానికి మొదటి క్షణముననే తెలియును. మాంత్రికుడు వచ్చువఱకు ఓపికతో కూర్చుండును.

జాతర ముగియువేళ గంగమ్మ విశ్వరూపమును మట్టితో నిలుపుదురు. ఉగ్రమైన ఆ ముఖమును చూచుటకు జనులు క్రిక్కిఱిసి నిలుతురు. చెంప తెగిన క్షణమున ఆ మట్టికై త్రోపులాట జరుగును. దొరికిన పెళ్ళను కొంగున ముడివేసికొని ఇంటికి కొనిపోవుదురు.