రేడియో గొంతునకు ఊపిరి

మన వినుకొండవాఁడైన గుఱ్ఱం జాషువా 1957 మొదలు 1959 వఱకు మద్రాసు రేడియోలోఁ బనిచేసెను. 1938 జూన్ 16న వెలసిన ఆ కేంద్రపు తెలుఁగుమాట కరెంటులేని పల్లెకుఁ జేరుటకు బ్యాటరీయే దిక్కు.

ఆకాశమునుండి వచ్చు తరంగము మిక్కిలి దుర్బలము. అదియే పెద్దగొంతై పలుకునని తలఁచుట పొరపాటు. తూము తలుపును బాలుఁడైనను ఎత్తఁగలఁడు. పొలమునకుఁ బాఱునది చెఱువునీరు గదా! వాల్వులో తరంగము తలుపు కదల్చును. మనము వినునది బ్యాటరీశక్తియే. లోపలి తీఁగను వేఁడిచేయుట కొకటి, పలకకు హెచ్చు వోల్టు లిచ్చుట కొకటి, బ్యాటరీలు రెండు. రెండవది నీరసించెనా, మెల్లని మాటలు బాగుగనే వినఁబడును. పద్యము నెత్తి చదివిన చోటనే గొంతు చీలును. కవికి అంతకన్న అన్యాయ మేమున్నది?

కరెంటు వచ్చినపిదప వేఱొక చిక్కు. సెకనుకు 50 ఆవృత్తుల ఆ ప్రవాహమును ఒకే దిశకుఁ ద్రిప్పి, కండెన్సరుతో నిలుకడచేయవలెను. కండెన్సరు ఎండినచోఁ దుమ్మెదరొద పద్యముతోఁ గలియును. శ్రుతిపెట్టె యని నవ్వువారు గలరు. నేను మాత్ర మోర్వలేను. నేఁటి విలువైన యాంప్లిఫయరులలో లావు కండెన్సర్లుండుట ఇందులకే. తొలియేకాదశి తిరునాళ్ళలో జనరేటరు తడఁబడినపుడు మైకుగొంతు మాఱుట కొండక్రింద నిలిచి వినుఁడు.