రిమోట్ కారు బ్రేకు పట్టట్లేదా? కథ 1898లో మొదలైంది

జహీరాబాద్ అంటే బండ్లు తయారయ్యే ఊరు. 1980లలో ఇక్కడ ఆల్విన్ నిస్సాన్ చిన్న లారీలు తయారయ్యేవి. తర్వాత ఆ ప్లాంటు మహీంద్రా చేతికొచ్చింది. 2023లో ఎలక్ట్రిక్ బండ్ల కోసం ఇక్కడ 1,000 కోట్ల పెట్టుబడి ప్రకటించారు. నేనివాళ చెప్పేది మాత్రం రిమోట్ కారు గురించి. దాని బ్రేకు అర్థమైతే ఎలక్ట్రిక్ ఆటో బ్రేకు సగం అర్థమైనట్టే.

1898లో న్యూయార్క్‌లో నికోలా టెస్లా రేడియోతో చిన్న పడవ నడిపి చూపించాడు. దానికి బ్రేకుతో పనిలేదు. మోటారు ఆపితే చాలు, నీళ్లే ఆపేస్తాయి. రోడ్డు అలా ఆపదు కదా! 1976లో జపాన్ కంపెనీ తమియా తన మొదటి రేడియో కారు, పోర్షే 934 తెచ్చింది. అప్పట్లో స్పీడు తగ్గించేది రెసిస్టరు. మిగిలిన కరెంటు వేడిగా పోయేది. తర్వాత ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్, అంటే ఈఎస్‌సీ వచ్చింది. బ్రేకు పని కూడా దానికే అప్పజెప్పారు.

ఎలాగంటారా? పాత బొమ్మలోంచి మోటారు తీయండి. దాని రెండు వైర్లు కలిపి పట్టుకుని ఇరుసు తిప్పండి. బిగుసుకుంటుంది! తిరిగే మోటారే జనరేటరై తన్ను తాను ఆపుకుంటుంది. ఎలక్ట్రిక్ ఆటోలో ఇలా పుట్టిన కరెంటును తిరిగి బ్యాటరీకి పంపుతారు.

అందుకే బ్రేకు పట్టకపోతే వెంటనే కొత్త మోటారు కొనకండి. ముందు రిమోట్‌లో బ్రేకు శాతం, ట్రిమ్ చూడండి. తర్వాత ఈఎస్‌సీకి న్యూట్రల్, ఫుల్, బ్రేకు మళ్లీ నేర్పించండి. ఆ తర్వాత మోటారు పళ్లచక్రం స్క్రూ చూడండి. అది వదులైతే మోటారు ఆగుతుంది, చక్రాలు ఆగవు. ఈ మూడూ బాగుంటేనే మోటారు మీద అనుమానపడండి.

ఇంకొక్క మాట. ఈ బ్రేకుకి బలం వేగం నుంచే వస్తుంది. బండి నెమ్మదించేకొద్దీ పట్టు తగ్గుతుంది. వాలు మీద కారు మెల్లగా జారితే అది రిపేరు కాదు, దాని స్వభావమే. ఎలక్ట్రిక్ ఆటోకి మామూలు బ్రేకులు కూడా ఉండేది అందుకే. నిలబెట్టడానికి ఇప్పటికీ రాపిడే కావాలి.

ఐటీఐ చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ మోటారు ప్రయోగం ఇవాళే చేయండి. రేపు మీ ముందుకొచ్చే బండ్లలో ఉండేది ఇదే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!