సముద్ర జీవుల్లో బ్యాక్టీరియా నాశకాలు: హైదరాబాద్ పరిశోధన

సముద్ర జంతువుల ఒంట్లో బ్యాక్టీరియాను చంపే, లేదా పెరగనివ్వని పదార్థాలను వెతికి పట్టుకునే రసాయన పరిశోధన ఇది. తీరానికి వందల కిలోమీటర్ల దూరాన ఉన్న హైదరాబాద్ దీనికి ఒక ముఖ్య కేంద్రం కావడం విశేషమే. నగరంలోని తార్నాకలో ఉన్న భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో ఈ పని సాగింది. నిజాం హయాంలో 1944లో మొదలైన ఆ సంస్థకు ఇప్పటి పేరు 1989లో వచ్చింది. అక్కడ వై. వెంకటేశ్వర్లు బృందం, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రజ్ఞులు స్పాంజ్‌లు, మెత్తటి పగడాలు, సంచి ఆకారపు సముద్ర జీవులైన అసిడియన్లపై ఏళ్ల తరబడి శ్రమించారు.

ఈ జీవులనే ఎంచుకోవడానికి కారణముంది. రాయిని అంటుకుని బతికే స్పాంజ్ పారిపోలేదు, దానికి పెంకూ లేదు. పైగా రోజంతా సూక్ష్మజీవులు నిండిన నీటినే వడపోసుకుంటుంది. దాని రక్షణ చాలావరకు రసాయనాలదే.

సేకరించిన జీవిని ముక్కలు చేసి మెథనాల్‌లో నానబెడతారు. ద్రావణి ఆవిరయ్యాక మిగిలిన జిగురును సిలికా జెల్ నింపిన గాజు గొట్టం గుండా పంపి, భాగాలుగా విడదీస్తారు. ఒక్కో భాగాన్ని చిన్న కాగితపు బిళ్లకు అద్ది, స్టెఫిలోకాకస్ వంటి బ్యాక్టీరియా చల్లిన అగార్ పళ్లెంలో పెడతారు. మర్నాటికి పళ్లెమంతా మసకబారుతుంది. మందు గుణమున్న బిళ్ల చుట్టూ మాత్రం తేట వలయం మిగులుతుంది. ఆ భాగాన్నే ఇంకా శుద్ధిచేసి అణు నిర్మాణం తేలుస్తారు.

వెతికినదొకటి, దొరికినదొకటి కావడం ఇక్కడ మామూలే. తిరువనంతపురం తీరపు అసిడియన్ నుంచి హైదరాబాద్ బృందం, అమెరికా శాస్త్రవేత్త జాన్ ఫాక్‌నర్‌తో కలిసి, లామెల్లారిన్ కుటుంబపు కొత్త సమ్మేళనాలను 1997లో ప్రకటించింది. ఆ కుటుంబంలోని ఒక సమ్మేళనం హెచ్‌ఐవీకి అవసరమైన ఇంటిగ్రేజ్ ఎంజైమును అడ్డుకుంటుందని 1999లో తేలింది. 1980లో స్పాంజ్ నుంచి యాంటీబయాటిక్‌గా బయటపడ్డ మనోయలైడ్ తర్వాత వాపు తగ్గించే గుణంతోనే పేరుపొందింది. రక్త క్యాన్సర్‌కు వాడే సైటరబిన్‌కూ మూలం కరీబియన్ స్పాంజే.

సముద్ర జంతువు నుంచి వచ్చిన యాంటీబయాటిక్ మాత్రం ఇంకా ఏ మందుల దుకాణానికీ చేరలేదు. బ్యాక్టీరియాను చంపే పదార్థం చాలాసార్లు మనిషి కణాన్నీ చంపుతుంది. కిలోల కొద్దీ జీవిని కరిగించినా దొరికేది మిల్లీగ్రాములే. ఆ కాస్త కోసం సముద్రపు అడుగును గీకేయడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. అందుకే ప్రయోగశాలలో సంశ్లేషణ తప్పనిసరి. పైగా అనేక పదార్థాలను తయారుచేసేది జంతువు కాదు, దానిలో కాపురముండే బ్యాక్టీరియా అని తేలాక, వాటినే విడిగా పెంచే ప్రయత్నాలు ఊపందుకున్నాయి. మందుల దుకాణాల్లో అమ్మే సెఫిక్సిమ్ వంటి సెఫాలోస్పోరిన్ యాంటీబయాటిక్‌ల మూలం కూడా సముద్ర జంతువు కాదు. 1945లో ఇటలీలోని కాల్యారీ తీరంలో, మురుగు కలిసే నీటిలో శాస్త్రవేత్త బ్రోట్జు కనుగొన్న శిలీంధ్రం అది.